మూడో గడి ఖాళీ

నాకు రాత్రి
ఉదయం ఏడింటికి మొదలవుతుంది.
కాల్‌గూర్లీలో సూర్యుడు గని గట్టు మీదికి ఎక్కేసరికి
నేను బూట్లలోంచి ఎర్రదుమ్ము దులిపి
కిటికీలకు నల్లతెరలు దించి
నురగ రాని సబ్బుతో మొహం కడుక్కుంటాను.

రాతిపొడిని ఆమ్లాల్లో ఉడికించి
బంగారం ఎంతుందో చెప్పడం నా ఉద్యోగం.
ద్రవరాజం దగ్గరికి వెళ్లాలంటే
చేతులకు రెండు జతల తొడుగులు, కళ్లకు అద్దాలు,
పొగగూటి తలుపు జానెడు మించి ఎత్తకూడదు.
ఇంత తెలిసినదాన్ని
ఇంటికొచ్చి ఏం చేశానో చెప్పనా?

చెంపల మీద మంగు.
ఎవరో టీ ఒలకబోసి
తుడవడం మరిచిపోయినట్టు, రెండు వైపులా.
వారంలో చెరిపేద్దామని
గ్లైకాలిక్ పూసి, అది ఆరకముందే రెటినాల్ పూసి,
కొన్నాను కదా, ఎందుకు మిగల్చాలని
పైన విటమిన్ సి.
నాలుగో రోజుకి మంచినీళ్లు తగిలినా మంట.
నవ్వబోతే మూతి పక్కన చర్మం
పాత కవరులా చిట్లింది.
గోరుచుట్టు మీద రోకటిపోటు, ఈ ఊరి ఎండుగాలి.
మంగు మాత్రం
ఎర్రబడ్డ చెంప మీద ఇంకాస్త నల్లగా
కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

హానన్ వీధిలో మందుల షాపు డెస్పినా
కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసింది.
తిట్టలేదు. సీసాలన్నీ తెమ్మంది.
ఏడింటిలో నాలుగు తిరిగి నా సంచిలో పడేసి
"వీటితో నీకు మాటల్లేవు" అంది.
కాగితం కావాలంటే
నా డ్యూటీ రోస్టర్ ఇచ్చాను.
దాని వెనక నాలుగు గళ్లు గీసింది.
ఒకటిలో ఆమ్లం.
రెండులో రెటినాల్, కందిగింజంత, అంతే;
మొహం పూర్తిగా ఆరాక, కళ్ల అంచుల్ని వదిలేసి.
మూడూ నాలుగూ ఖాళీ.

ఇక్కడేం రాయాలి?
మా భాషలో కాగితానికీ చెంపకీ
ఒకటే మాట, రాయడం.
క్రీము, అంది. క్రీము, నిద్ర.
మొదటి నెల మాత్రం నాలుగు గళ్లూ ఖాళీయే.

మందు రాసే రాత్రులు తేలిక.
చిమచిమలాడుతుంటే
ఏదో పని జరుగుతోందన్న నమ్మకం.
ఖాళీ రాత్రులే కష్టం.
ఉడికే అన్నం మీద మూత
పదేపదే తీసి చూసే చెయ్యి నాది.
ఆ చెయ్యి దానంతటదే సీసా దాకా వెళ్లి,
మూత సగం తిప్పి,
సిగ్గుపడి వెనక్కొచ్చేది.
మెత్తటి క్రీము, ఏ వాసనా లేనిది,
ఏమీ చేస్తున్నట్టుండదు.
అద్దం ముందు నిలబడి
ఏమీ చేయకపోవడం ఎలాగో నేర్చుకున్నాను,
ముప్పై ఎనిమిదేళ్లకి.

ఒక రోజు ఆ కాగితం జారి
బోర్లా పడింది.
అటువైపు నా నెల.
ఒక్క ఖాళీ గడి లేదు.
సెలవు వారాన్ని కూడా
ఓవర్‌టైముకి నేనే అడిగి నింపించుకున్నాను,
ఇల్లు ఊరికే ఉంటే భయమేసి.

ఫోను వణికింది.
ఆదివారం షిఫ్టుకి ఎవరైనా వస్తారా, అని షాన్.
ఎప్పుడూ మొదటి జవాబు నాదే.
రెండు చేతులూ క్రీములో ఉన్నాయి.
మెడ దాకా రాశాను, చెవుల వెనక రాశాను,
ఎప్పుడూ రాయని మోచేతులకీ రాశాను.
తుడుచుకుని చూసేసరికి
ఇంకెవరో వస్తానన్నారు.

మంగు ఉంది ఇంకా.
టీలో పాలు కాస్త ఎక్కువైనట్టు.
డెస్పినా చూసి, ఊఁ, అంటుంది,
ఎండకి రాసేది మానకు, అంటుంది.

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు
అరలోని మూడు సీసాలూ ఒకసారి టకటకమంటాయి.
ఏ రోజో లెక్క చూసుకుంటాను నిద్రలోనే.
మూడో గడి.
అటు తిరిగి పడుకుంటాను.