వేలిముద్ర

పెడన నుంచి వచ్చిన తాను
విప్పగానే గదినిండా కరక్కాయ వాసన.
కొంచెం గేదెపాల జిడ్డు, కొంచెం పులిసిన బెల్లం,
అడుగున ఎక్కడో ఇనుప తుప్పు.
వించిపేటలో మా మేడమీద గదిలోకి
రైలు కూత తప్ప ఏదీ అడక్కుండా రాదు.
ఇవాళ ఇది వచ్చింది.

ఆరు కుర్తాల గుడ్డ.
మంజిష్ట ఎరుపు మీద నల్లతీగ,
తీగ చివర విచ్చీవిచ్చని మొగ్గ,
అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి సందు.
మిషన్ అద్దితే ఆ సందు ఉండదు.
సందు చూశాకే నేను గుడ్డని నమ్ముతాను.

నాలుగో కుర్తాకి సుద్దగీత గీస్తుంటే కనపడింది.
తీగ పక్కన, ఎవరూ ఏమీ అద్దని చోట
నల్లగా ఒక బొటనవేలు.
గీతకి గీత పడింది. మధ్యలో సుడి కూడా.

లబ్బీపేట మేడమ్‌కి ఫొటో పెట్టాను.
"డ్యామేజీ షంషాదక్కా,
దాని మీద ఒక అద్దం కుట్టెయ్,
పైన పాతిక ఇస్తాలే" అంది.
ప్రతి కుర్తాకీ మెడ వెనక చీటీ వేయిస్తుంది ఆవిడ,
'అచ్చంగా చేతిపని' అని.
చెయ్యి కనపడితే మాత్రం డ్యామేజీ.

అద్దం తీశాను, రూపాయి బిళ్ళంత.
సూదిలోకి పసుప్పచ్చ దారం ఎక్కించాను.
ఎక్కించి, అలాగే కూర్చున్నాను.

పొద్దున రేషన్ డిపోలో
నా బొటనవేలు మిషన్ మీద ఏడుసార్లు పెట్టాను.
తడిపి పెట్టాను, తుడిచి పెట్టాను,
తలకి రుద్దుకుని, ఆ నూనెతో పెట్టాను.
"పడట్లేదమ్మా, అరిగిపోయింది" అన్నాడు డీలరు కొడుకు.
"రేపు ఇంట్లో వేలు పడేవాళ్ళెవర్నైనా తీసుకురా."
మా ఇంట్లో వేళ్ళన్నీ సూది పట్టినవే.
ముప్పై రెండేళ్ళు.
గొలుసుకుట్టు, కాడకుట్టు, ముడికుట్టు,
ఎన్ని మెడల చుట్టూ ఎన్ని మల్లెలు వేసిందో,
ఇది నాదే అని చెప్పుకోడానికి
ఆ వేలి దగ్గర ఒక్క గీత మిగల్లేదు.

ఇక్కడేమో
పేరు తెలీని మనిషి ముద్ర
పారే కాలవలో జాడించినా పోలేదు,
రాగి కాగులో ఎర్రగా ఉడికినా పోలేదు,
ఇసకలో ఎండినా పోలేదు.
కసీమి అంతే. కరక్కాయ తాగిన గుడ్డ మీద పడిందా
ఇక అది గుడ్డ సొంతం.

మగాడి వేలనుకున్నాను ముందు.
నా వేలు పక్కన పెట్టి చూస్తే
నాకంటే సన్నం.
కాలవ కట్టేస్తున్నారని కబురొచ్చి
నీళ్ళుండగానే ఉతుక్కోవాలని గబగబా అచ్చులేస్తూ
బల్ల మీంచి జారే గుడ్డని పట్టుకుందేమో.
చంటిది లేచి ఏడ్చిందేమో.
ఏమీ లేదేమో, ఉత్తినే,
నడుం నొప్పెట్టి చెయ్యి ఆనించిందేమో.

అద్దం మళ్ళీ డబ్బాలో వేసేశాను.

గుడ్డ అడ్డం తిప్పి పరిచాను.
కుడి జేబు లోపలి సంచీకి
సరిగ్గా ఆ ముద్ర వచ్చేలా ముక్క కోశాను.
అంచు ఊడకుండా రెండుసార్లు తిరగేసి కుట్టాను,
నా మామూలు కుట్టుకంటే దగ్గర దగ్గరగా.

ఎవరో పిల్ల
బెంజి సర్కిల్లో బస్సు కోసం నిలబడి
చిల్లర వెతుక్కుంటూ జేబులో చెయ్యి పెడుతుంది.
బొటనవేలు మీద బొటనవేలు పడుతుంది.
ఆ పిల్లకి తెలీదు.
తెలియాల్సిన పనీ లేదు.

మేడమ్ అడిగితే మరక పోయిందంటాను.
అబద్ధమేం కాదు. పోయింది,
లోపలికి.

పాతిక మాత్రం అడిగి తీసుకుంటా.
రేపు మళ్ళీ డిపోకి
రానూపోనూ ఆటోకి అంతవుద్ది.