ఏడో సవరణ

ఫిబ్రవరి రెండో మంగళవారం, రాత్రి ఏడుంపావు.
అయోవాలో ఈ వేళప్పుడు
నది కూడా మంచు కింద ముడుచుకుని పడుకుంటుంది.
నగర సభలో పద్నాలుగో అంశం:
వరద గోడ, పడమటి గట్టు, డిజైన్ ఒప్పందం, గడువు పొడిగింపు.
దాని ముందు కుక్కల లైసెన్సు రుసుము,
దాని తరువాత మంచు తీసే లారీకి కొత్త టైర్లు.

నేను మినిట్స్ రాసే గుమాస్తాని.
పదహారేళ్లుగా ఇతరుల మాటల్ని
కర్మణి వాక్యాలుగా మార్చడం నా ఉద్యోగం.
ప్రతిపాదించబడినది. బలపరచబడినది. ఆమోదించబడినది.
మా నగరంలో ఏ పనీ ఎవరూ చెయ్యరు,
అన్నీ చెయ్యబడతాయి.

ఇంజనీరు వెండెల్ ఆస్ట్రెమ్ లేచాడు.
మొదటి ఒప్పందం నాడు అతని గడ్డం
లేత మొక్కజొన్న పీచు రంగు.
ఇప్పుడు పొట్టు రంగు.
మట్టి నమూనాలు మళ్లీ తియ్యాలట.
రైలు వంతెన కంపెనీ ఉత్తరానికి జవాబివ్వలేదట.
పంపు గది రెండడుగులు పైకి జరగాలట,
వందేళ్ల వరద లెక్క తప్పిందట:
వందేళ్లకోసారి రావాల్సింది
అతని సర్వీసులోనే రెండుసార్లు వచ్చిపోయింది.
ఇంకో ఇరవై రెండు నెలలు. ఇంకో నాలుగు లక్షల డాలర్లు.
తెర మీద నది ఒక నీలి గీత,
గోడ ఒక ఎర్ర గీత,
మధ్యలో పదకొండు ఇళ్లు, చుక్కల గీతలు.

చుక్కల గీత అంటే
ఉంది, కానీ ఉండదు అని.

ప్రజల వ్యాఖ్యకి మూడు నిమిషాలు.
లుద్మిలా హ్రుష్కా మైకు దగ్గరికొచ్చింది.
ఎనభై ఒకటో ఏడు.
రబ్బరు బూట్ల నుంచి మంచు కరిగి
తివాచీ మీద చిన్న మడుగు.
మేమంతా తిట్లకి సిద్ధపడ్డాం.
మేయరు నీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.

"నా వంటింటికి రంగు వేయించుకోవచ్చా?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. టైమరు తిరుగుతోంది.
"వరద తీసిన ఏడు గోడలు గీకించాను.
తెల్ల ప్రైమరు ఒక పూత కొట్టించాను.
అప్పుడు మీ ఉత్తరం వచ్చింది, ఇల్లు తీసేస్తాం, ఒక్క ఏడాది ఆగమని.
పోయే గోడకి రంగెందుకని ఆగాను.
ఆ ఏడాదికి మీరు ఆరుసార్లు తోక తగిలించారు.
ప్రైమరు మధ్యనే వండుకు తింటున్నాను.
మా ఆయన ఆ తెలుపులోనే పోయాడు,
ఆసుపత్రి అనుకుని.
గోడ కట్టండి, మానండి, ఆ లెక్కలు నాకు తెలియవు.
డబ్బా నలభై డాలర్లు. అది చెప్పండి చాలు."

నగర న్యాయవాది గొంతు సవరించుకున్నాడు:
ఇలాంటి విషయాల్లో నగరం సలహా ఇవ్వజాలదు.
ఆస్ట్రెమ్ మాత్రం పటం మీదికి వంగాడు,
అడ్డంగా తిప్పి చూశాడు.
అందులో వంటిల్లు లేదు.
అతను గీసిన ఏ ఇంటికీ గదులే లేవు.
గంట మోగింది.
తొమ్మిది చేతులు లేచాయి, తొమ్మిది చేతులు దిగాయి.
లారీ టైర్ల దగ్గరికొచ్చేసరికి
ఆవిడ కుర్చీ ఖాళీ, మడుగు అలాగే ఉంది.

ఆ రాత్రి రాశాను:
ప్రజల వ్యాఖ్య ఒకటి, స్వీకరించబడినది.
చెరిపాను.
"శ్రీమతి హ్రుష్కా ఒక ప్రశ్న అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు."
పదహారేళ్లలో నా మొదటి కర్తరి వాక్యాలు.
పై సమావేశంలో ఎవరూ చదవకుండానే
అవీ ఆమోదించబడ్డాయి.

ఏప్రిల్లో సర్వే నోటీసు.
పోస్టులో పంపితే సరిపోయేది, నేనే పట్టుకెళ్లాను.
మంచు వీడిన నది బురద రంగులో
ఎవరితోనూ ఒప్పందం లేనట్టు పోతోంది.
వంటింటి కిటికీ తెరిచి ఉంది, లోపల పచ్చి రంగు వాసన.
మూడు గోడలు గుడ్డు సొన పసుపు.
నాలుగోది, పొయ్యి వెనకది, ఇంకా తెల్లగానే.

"మరి అది?" అన్నాను.

మోచేతి దాకా పసుపు మరకలతో
నోటీసు మీద సంతకం పెడుతూ, తలెత్తకుండా,
"దానికేం తొందర,
ఎనిమిదో సవరణ రానీ" అంది.