తడ దాకా, ఇంకొంచెం

ఆదివారం. కళ్లద్దాల కొట్టుకి సెలవు.
సూళ్లూరుపేట లోకల్‌లో కిటికీ పక్కన నేను,
ఎదురుగా పక్క పోర్షన్ కుముదవల్లి,
ఒళ్లో పులిసాదం డబ్బా,
ఫ్లెమింగోల కోసం అరువు తెచ్చిన బైనాక్యులర్స్.

ఆరేళ్లుగా చెన్నైలో
బస్సు బోర్డులు, కరెంటు బిల్లు, ఇంటాయన చీటీలు
నాకు చదివిపెట్టేది ఆమే.

ఆరంబాక్కం దాటింది.
తడలో వంతు మారింది.
స్టేషన్ బోర్డు చూపించి "ఏమని ఉంది?" అంది.
పొడుగ్గా చదివాను,
రెండక్షరాలే అయినా.

పులికాట్‌లో నీళ్లు వెనక్కి పోయాయి.
ఎక్కడో దూరాన గులాబీ గీత ఒకటి,
పిట్టలో, ఎండో.
పులిసాదం మాత్రం బావుంది.

తిరుగుబండిలో
టికెట్ వెనక ఏదో రాస్తోంది కుముదం.
తడ.
తలకట్లు మరిచిపోయింది.
నేను దిద్దలేదు.