ఉప్పుగాలి

పెదజాలారిపేట బడిలో, ఆరో తరగతికి
నేను పట్టుకెళ్లినవి:
టార్చిలైటు బల్బు, రెండు సెల్లులు, మూరెడు తీగ,
పేపరు క్లిప్పుతో చేసిన స్విచ్చి.
బయట ముసురు. గదిలో కరెంటు లేదు.
బల్బూ వెలగలేదు.

"సెల్లు సచ్చిపోనాది టీచర్" అన్నాడు ఎల్లాజీ.
సెల్లులు మార్చాను. బల్బు మార్చాను.
అరచేతుల్లో చెమట.

వెనక బెంచీ నుంచి నూకరత్నం లేచింది,
మూడ్రోజులకోసారి బడికొచ్చే పిల్ల,
బోటు ఇంజను పక్కన ఆడుకుని పెరిగిన పిల్ల.
బల్బు విప్పి, హోల్డరు అడుగున పచ్చటి చిలుము చూపించి
"ఇక్కడ సముద్రం కూకున్నాది" అంది.
గోటితో గీకింది. యూనిఫాం అంచుతో తుడిచి బిగించింది.

వెలుగు!
గోరంతే,
అయినా అందరి పళ్లూ కనిపించాయి.

బోర్డు మీది నిర్వచనం చెరిపేసి చెప్పాను:
శక్తి పొద్దున్నుంచీ సెల్లులోనే ఉంది.
బయల్దేరిన చోటికి
తిరిగొచ్చే దారి లేక కదల్లేదు.
వెంట్రుకంత చిలుము చాలు, దారి తెగడానికి.

"మా అయ్య బోటూ అంతే టీచర్,
తిరిగొచ్చే దారుంటేనే ఎల్తాది."

నేనింకా ఆ మాట దగ్గరే ఉన్నాను.
ఎల్లాజీ మాత్రం స్విచ్చి
నొక్కుతున్నాడు, వదుల్తున్నాడు, నొక్కుతున్నాడు.
"సెల్లు అయిపోతాదిరా!"
గదంతా ఒకటే గోల.