బట్ నంబరు ఎనభై ఆరు

బూట్లు నావే.
కర్నూలు రోడ్డు కొట్లో బేరమాడి కొన్నా.
వాళ్ళిచ్చిన జత మగపిల్లల కొలత,
మడమ దగ్గర బొటనవేలంత సందు.
టార్చి నాది. ఈల తాడు నాది.
వానకోటు సగం నాది,
సగం నా గదిలో ఉండే షహీనాది,
ఎవరికి రాత్రి డ్యూటీ పడితే వాళ్ళకు.
ఎస్పీ ఆఫీసు గేటు దగ్గర
అర్జీ రాయించుకోను వచ్చిన ముసలామెకు ఇచ్చిన తెల్లకాగితం,
అదీ నా జీతంలోదే.

తుపాకి ఒక్కటే నాది కాదు.

త్రీ నాట్ త్రీ. బట్ నంబరు ఎనభై ఆరు.
నాకంటే, బహుశా మా నాయనకంటే పెద్దది.
చెంప ఆనించే చోట కర్ర
ఎవరెవరి చెమటో తాగి నల్లబడింది.
దాని కింద మేకుతో గీసిన ‘వ’.
వెంగయ్యో, వజీరో,
గీసినందుకు పనిష్మెంటు పడే ఉంటుంది.
ఫైరింగు రేంజిలో అయిదు తూటాలు,
అయిదూ ఎడమకే పోయినయ్.
పక్క వరసలో నలభై ఒకటో నంబరు
దారం పట్టి లాగినట్టు కొట్టింది.

ఆ రాత్రి చీమకుర్తికి ఫోను చేశా.
మా నాయన క్వారీలో ముప్పై ఏళ్ళ మనిషి.
“కంపెనీ ఇచ్చే ఉలి చేతికి రాదే, మాలకొండా.
ఎవుడి పనిముట్టు వాడు కొనుక్కోవాల.
దాని గుణం నీకు తెలియాల, నీ గుణం దానికి తెలియాల.
ఎంతవుద్దో కనుక్కో.
రెండో గేదెను అమ్మేద్దాం.”

నవ్వా. ఫోను పెట్టేశాక
నిద్ర మాత్రం రాలేదు.

మర్నాడు బెల్ ఆఫ్ ఆర్మ్స్ దగ్గర
నూనెగుడ్డ పిండుతున్న హెడ్డు పెంచలయ్యని అడిగా,
ఊరికే అడిగినట్టు:
“కొత్తోళ్ళం సొంతానికి కొనుక్కుంటామంటే ఎందుకొద్దంటారు సార్?
బూట్లప్పుడు ఎవరూ వద్దన్లేదే?”

తిట్టలేదు. రిజిస్టరు నా వైపు తిప్పాడు.
ఇచ్చింది, తెచ్చింది. ఇచ్చింది, తెచ్చింది.
పేజీ నిండా సంతకాలు, నిద్రలో పెట్టినవి కొన్ని.
“ఒక్క తూటా తగ్గితే ఆ పూట నాకు కూడు దిగదమ్మాయ్.
సొంతానిదే అనుకో. ఇంటికి తీసుకుపోతావు.
బీరువా మీద పెడతావో, బియ్యం డబ్బా వెనక పెడతావో.
మొగుడితో మాటామాటా వచ్చిన రోజు
ఈ పుస్తకం ఎవరు రాస్తారు మీ ఇంట్లో?”
నాకింకా పెళ్ళి కాలేదు సార్, అన్నా.
“రాసేవాడు లేడు గదా. నేను చెప్పేదీ అదే.”

మరి ఎడమకు లాగితే?
దానికి ఆయన దగ్గర మాట లేదు.
ఇండెంటు పెట్టి రెండేళ్ళయిందన్నాడు.
ముందు సైటు మీద చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి
“ఇప్పుడు చూడు” అన్నాడు.
ఎక్కడ చూడను?
రేంజి మళ్ళీ వచ్చే ఏడు.

సెలవుకు పోయిన రోజు
మా నాయన కొలిమి ముందున్నాడు.
“ఈ ఏడు ఎన్ని కాల్చావే?”
రేంజిలో అయిదు.
“డ్యూటీలో?”
ఒకటి కూడా లేదు నాయనా.
ఎర్రటి ఉలిని నీళ్ళలో ముంచాడు.
ఆ చప్పుడు ఆగేదాకా ఏం మాట్లాడలేదు.
కొన్నప్పుడు మూరెడుండే ఉలి,
ఇప్పుడు జానెడు లేదు.
“నాది అరిగితే పని అయినట్టు.
నీది అరక్కపోతే పని అయినట్టా?”
అంతే అనుకుంటా, అన్నా.
“అట్టయితే కొనమాక.
గేదె ఉండనీ. పాలన్నా ఇస్తది.”

ఈ తెల్లారుజామున ట్రెజరీ గార్డు.
నాలుగింటికి షహీనా వచ్చింది, కళ్ళు నులుముకుంటా.
“ఎనభై ఆరు. తూటాలు పది. సరిచూసుకో.”
నా అరచేతి వెచ్చన ఇంకా దానిమీద ఉందేమో,
చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ పట్టుకుంది.
ఎడమకు లాగుద్ది, అని చెప్పా.
తెలుసులే, అంది.
చినుకులు పడుతుంటే వానకోటూ ఇచ్చేశా.

టార్చి మాత్రం నా వెంట తెచ్చుకున్నా.
గేటు దాకా వెలిగి
అక్కడ ఆరిపోయింది.
సెల్లులు కొనాలి.