పారకు ఆనుకున్నవాడు

స్పర్లాక్ గారి ఉత్తరం శుక్రవారం పేపర్లో పడింది,
పందుల దాణా ప్రకటన పక్కన.
"మన కౌంటీలో సర్కారు సొమ్ము
అక్షరాలా ఏ గోతిలోకి పోతోందో
ఎవరైనా తలుపు తీసి చూసుకోవచ్చు" అని.
మంగలి షాపులో నవ్వు ఆగలేదు.
నేనూ నవ్వాను. సగం గడ్డం నురగలో ఉంది మరి.

ముప్ఫై ఆరులో, ఆర్కన్సాలో,
మా పని మరుగుదొడ్లు కట్టడం.
ముగ్గురం, ఒక లారీ, అయిదడుగుల గొయ్యి,
సిమెంటు పలక, దానంతటదే పడే మూత,
ఈగ దూరకుండా గొట్టానికి జల్లెడ.
నెలకి పంతొమ్మిది డాలర్లు.
అంతకుముందు నేను రంపపు మిల్లులో ఫోర్‌మన్‌ని.
మిల్లు మూతపడ్డ పదిహేడు నెలలూ
మా డెసీ పిండిసంచులతో గౌన్లు కుట్టింది.
కంపెనీ అచ్చు ఎంత ఉతికినా పోలేదు,
పిల్లదాని వీపు మీద "ఉత్తమ రకం" అని ఉండేది.

పారలకు ఆనుకుని నిలబడతారని రాశాడాయన.
నిలబడ్డాం.
పదింటికి రావాల్సిన సిమెంటు రెండింటికి వస్తే
పారకు కాక దేనికి ఆనుకోవాలి?
కలప సూపర్‌వైజరు బావమరిది డిపో నుంచే రావాలి. అదీ నిజమే.
పచ్చి కలప. ఎండకి తలుపులు మెలితిరిగేవి.
ఎన్నికల ముందు ఒకతను వచ్చి
మా పేర్ల ఎదురుగా పెన్సిలుతో ఏవో గుర్తులు పెట్టుకుపోయాడు.
స్పర్లాక్ గారి రాతలో అబద్ధాలు ఏరడానికి కూర్చుంటే
చేతికి పెద్దగా ఏమీ తగలదు.

బావి గురించి మాత్రం ఆయన రాయలేదు.
డెసీ చెల్లెలి ఇంట్లో బావికి పదిగజాల దూరంలో ఏముండేదో,
వాన పడితే అదెటు పారేదో,
ఆగస్టులో ఆ పిల్లాడి ఒళ్ళు
పొయ్యి మీద పెనంలా ఎన్ని రాత్రులు కాలిందో.
ఆ ఇంటికి మేం పలక వేసేనాటికి
వాడి బూట్లు తమ్ముడికి సరిపోతున్నాయి.

సెప్టెంబరులో స్పర్లాక్ గారి కబురు.
అత్తగారికి నడుం పట్టేసిందట, పాతది కూలిందట.
"కొట్టం వెనకాల కట్టండి, రోడ్డు మీదికి కనబడకుండా."
కలప డబ్బు నాణేలు లెక్కపెట్టి ఇచ్చాడు,
ఒక్క సెంటు తక్కువ లేదు.
కూజాతో మజ్జిగ పంపించాడు.
గట్టు మీద నిలబడి అడిగాడు:
"డెల్‌మార్, మనసులో మాట చెప్పు.
మనిషికి ఇలా ఊరికే పెడుతూ పోతే చివరికేమవుతాడు?"
నేను గోతిలో ఉన్నాను, మెడదాకా.
"తడిసిపోతాడండీ," అన్నాను, "చెమటకి."
నవ్వాడు. ఆపై శుక్రవారం ఇంకో ఉత్తరం.

ఇంతవరకూ చాలాసార్లు చెప్పాను.
మజ్జిగ దగ్గర అందరూ నవ్వుతారు.

వాగు అవతల ఇంకో ముఠా ఉండేది. నల్లవాళ్ళు.
లేమన్ గ్యాడిస్ వాళ్ళ మేస్త్రి,
మట్టి వాసన చూసి నీరెంత లోతో చెప్పేవాడు.
ఆ సెప్టెంబరులోనే పత్తి పగిలింది.
ఆసాములు టోపీలు పెట్టుకుని ఆఫీసుకెళ్ళారు.
మర్నాడు వాగవతలి పేర్లన్నీ కొట్టేశారు,
వంద పౌన్లకి అరవై సెంట్లు, పోయి ఏరుకోమన్నారు.
పారలు లారీలో వేసుకొచ్చింది మేమే.
సగం తవ్విన గోతులు అలాగే వానకి నిండాయి.
సర్కారు సొమ్ముకి ప్రతి శుక్రవారం లెక్కగట్టే మనిషి
దాని మీద ఒక్క అక్షరం రాయలేదు.

నేనా?
నాకు రాయడం రాదా అంటే, వచ్చు.

నవంబరులో దాణా కొట్టు ముందు గ్యాడిస్ ఎదురయ్యాడు.
పత్తికాయ ముళ్ళకి వేళ్ళ కొసలు చీలి ఉన్నాయి.
"స్పర్లాక్ గారి దగ్గర రాయి తగిలిందా మీకు?" అన్నాడు.
తగిలింది, నాలుగో అడుగులో, అన్నాను.
"అక్కడ తగులుతుంది," అన్నాడు.

అతని పార ఇంకా మా లారీలోనే ఉంది.
పిడి అతని పట్టుకే అరిగింది,
తవ్వబోతే నా చేతికి కుదరదు.
ఆనుకుంటే మాత్రం ఆగుతుంది.