గట్టు ఖర్చు

ఈతముక్కల. రాత్రి రెండు.
ఏరేటర్లు నడిపే ప్రోగ్రాం
మెమరీలో గడప గడపకీ ఆగి
"ఈ చోటు నీదేనా" అనిపించుకుంటోంది.
నూటికి నాలుగు పాళ్ల వేగం అక్కడే పోతోంది.
ఆ కాపలా తీసేద్దామని
వేలు మీట మీద పెట్టాను.

మాల్యాద్రి టార్చితో వచ్చి
సున్నపు నీళ్లలో కాళ్లు ముంచి గట్టెక్కాడు.
"పదెకరాల్లో ఎకరం గట్లకే పోయె గదా" అన్నా.
"పోనీ సారూ.
నిరుడు నాలుగో గుంటలో తెల్లమచ్చ.
ఐదోది బతికింది."
మళ్లీ సున్నంలో కాళ్లు ముంచుకునే పోయాడు.

తెల్లారుజామున
ఒక పాయింటరు దారితప్పి
పక్కదాని చిరునామా తడిమింది.
దాన్ని నడిపే ముక్క అక్కడికక్కడే చచ్చింది.
మూడో ఏరేటరొక్కటే ఆగింది.
చేత్తో తిప్పడానికి మాల్యాద్రి పరిగెత్తాడు.

మిగతావి చీకట్లో
నురగ కక్కుతూనే ఉన్నాయి.